మీరు అమెరికాలో, మీ భార్య ఇండియాలో: జాయింట్‌గా టాక్స్ ఫైల్ చేయడం ఎలా?

ఒకరు డాలస్‌లోనో ఎడిసన్‌లోనో హెచ్-1బి మీద పనిచేస్తుంటారు. ఇంకొకరు హైదరాబాద్‌లో ఉన్న ఉద్యోగం వదులుకోలేక అక్కడే ఉంటారు. మన వాళ్లలో ఇలాంటి సంసారాలు చాలానే ఉన్నాయి. జనవరిలో డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను వివరాల ఫారం) చేతికి రాగానే మొదలయ్యే ప్రశ్న ఒకటే: మా ఆవిడ అమెరికాలో అడుగే పెట్టలేదు కదా, ఆమెను కలిపి జాయింట్‌గా వేయొచ్చా?

వేయొచ్చు. చాలా ఇళ్లలో దానివల్ల వేల డాలర్లు మిగులుతాయి కూడా. కానీ ఆ ఒక్క సంతకంతో ఆమె ఇండియా ఆదాయమంతా అమెరికా లెక్కలోకి వచ్చేస్తుంది. జీతం, ఫ్లాట్ అద్దె, ఎఫ్‌డీ వడ్డీ, పుట్టింటివారు రాసిచ్చిన పొలం మీద కౌలు, అన్నీ. అందుకే వరుస తప్పొద్దు: ముందు ఆమె లెక్కలు, తర్వాత నిర్ణయం, ఫారాలు ఆఖరున.

ఇక్కడి అంకెలు 2025 క్యాలెండర్ సంవత్సరానివి, అంటే 2026 ఏప్రిల్ 15 గడువుగా వేసే రిటర్న్‌వి. భర్త అక్కడ, భార్య ఇక్కడ అన్నది రాసే సౌలభ్యం కోసమే. అటూ ఇటూ మారినా రూల్స్ ఇవే.

1. ముందు మీ సంగతి తేల్చుకోండి

జాయింట్ రిటర్న్‌కు మీ ఇద్దరిలో కనీసం ఒకరు డిసెంబర్ 31 నాటికి అమెరికా పౌరులో, టాక్స్ రెసిడెంటో అయి ఉండాలి. గ్రీన్‌కార్డు ఉంటే ప్రశ్నే లేదు. హెచ్-1బి, ఎల్-1 వాళ్లకు రోజుల లెక్క ఉంటుంది. 2025లో కనీసం 31 రోజులు అక్కడ ఉండాలి. దానితో పాటు 2025లో ఉన్న రోజులన్నీ, 2024 రోజుల్లో మూడో వంతు, 2023 రోజుల్లో ఆరో వంతు కలిపితే 183 రావాలి.

ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఇక్కడే ఆగి చూసుకోవాలి. విద్యార్థిగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో ఉన్న రోజులు ఈ లెక్కలోకి రావు. ఓపీటీ (చదువు తర్వాత చేసే శిక్షణ ఉద్యోగం) కూడా ఎఫ్-1 కిందే. కాబట్టి ఓపీటీలో ఉద్యోగం చేస్తూ ఆ ఐదేళ్ల లోపే ఉన్నవాళ్లు నాన్‌రెసిడెంట్లు, వాళ్లు వేయాల్సింది 1040-ఎన్ఆర్, అంటే నాన్‌రెసిడెంట్ల రిటర్న్ ఫారం. మామూలు టాక్స్ సాఫ్ట్‌వేర్ ఈ తేడా గట్టిగా అడక్కుండానే రెసిడెంట్లు వేసే ఫారం 1040లోకి, అక్కడినుంచి జాయింట్‌లోకి తీసుకెళ్లిపోతుంది. అలా వేసినవి తర్వాత సరిదిద్దుకోవాల్సి వస్తుంది, గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో పాత రిటర్న్‌లు అడిగినప్పుడు ఇబ్బందీ అవుతుంది. అక్టోబర్ 1న హెచ్-1బికి మారినవాళ్లకు ఆ ఏడాది 92 రోజులే వస్తాయి. వాళ్లకు వేరే ఎన్నిక (ఎలక్షన్, అంటే కోరి ఎంచుకునే వెసులుబాటు) ఒకటి ఉంది కానీ దాని షరతులు ఎక్కువ, అది సీపీఏతో (అమెరికాలో లైసెన్సున్న అకౌంటెంట్) కూర్చుని చేయాల్సిన పని.

2. ఆమె ఏ కోవలోకి వస్తారు?

ఏడాదంతా ఇండియాలోనే ఉంటే ఆమె అమెరికా లెక్కలో నాన్‌రెసిడెంట్. మీరు అమెరికా పన్ను చట్టం సెక్షన్ 6013(జి) కింద ఆమెను ఏడాదంతా రెసిడెంట్‌గా చూడమని కోరతారు. హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్యాపిల్లలకిచ్చే వీసా) మీద ఏడాది మధ్యలో వచ్చి ఉంటే తేదీ చూడండి. జులై 2 లేదా అంతకుముందే వచ్చి డిసెంబర్ 31 దాకా అక్కడే ఉంటే 183 రోజులు నిండుతాయి, అప్పుడు వాడేది 6013(హెచ్). ఆ తర్వాత వస్తే మళ్లీ (జి)నే. రెండు దారుల్లోనూ చివరికి వేసేది పూర్తి సంవత్సరపు జాయింట్ రిటర్నే.

ఏదీ వద్దనుకుంటే మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ, అంటే పెళ్లయినా ఎవరి రిటర్న్ వాళ్లదే. ఆమె పేరు రాసి, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) గడిలో ఎన్ఆర్ఏ (నాన్‌రెసిడెంట్ ఏలియన్) అని వేస్తే సరిపోతుంది. ఆమెకు అమెరికా ఆదాయం లేకపోతే ఆమె వేయాల్సింది ఏమీ లేదు. పెళ్లయింది కాబట్టి సింగిల్ అని మాత్రం వేయకూడదు, భార్య ఏ దేశంలో ఉన్నా సరే. పిల్లలు ఏడాదిలో సగానికి పైగా అమెరికాలో మీ దగ్గరే ఉంటే హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (ఇంటి పోషకుడి హోదా) దారి కూడా ఉంది.

3. ఆమె ఆదాయాన్ని జనవరి నుంచి డిసెంబర్ దాకా తిరిగి లెక్కగట్టండి

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. దీనికి ఒక ఆదివారం మొత్తం పెట్టుకోండి.

ఇండియాలో ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. అమెరికాలో జనవరి నుంచి డిసెంబర్. ఆమె చేతిలో ఉన్న 2024-25 ఫారం 16లో మీకు పనికొచ్చేవి చివరి మూడు నెలలే. 2025-26 ఫారం 16 జూన్ దాకా రాదు, మీ గడువేమో ఏప్రిల్ 15. కాబట్టి ఫారం 16ను పక్కన పెట్టి 2025 జనవరి నుంచి డిసెంబర్ దాకా 12 పే స్లిప్పులు తెప్పించుకోండి. నెలకో వరుస వేసి గ్రాస్ జీతం, బోనస్, కోసిన టీడీఎస్ రాయండి. బ్యాంకు వడ్డీకి స్టేట్‌మెంట్లు, డివిడెండ్లకు డీమ్యాట్ స్టేట్‌మెంటు. ఇండియా ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లోని ఏఐఎస్ (ఆమె ఏడాది ఆదాయాల వివరాల పట్టిక) డౌన్‌లోడ్ చేసుకుంటే మరిచిపోయిన ఎఫ్‌డీలు కూడా బయటపడతాయి.

రాసేటప్పుడు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: ఇండియా ఇచ్చే మినహాయింపులు అమెరికాకు పట్టవు. 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్, ఇంటి అద్దె అలవెన్స్ మినహాయింపు, 80సి, ఇవేవీ అక్కడ ఉండవు. ఈపీఎఫ్‌కు ఆమె జీతంలోంచి పోయే వాటా కూడా అమెరికా లెక్కలో జీతమే. పిపిఎఫ్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికా దాన్ని వడ్డీ ఆదాయంగానే చూస్తుంది. మీ ఎన్ఆర్ఈ (ప్రవాసుల ఖాతా) డిపాజిట్ వడ్డీ కూడా అంతే, అది జాయింట్ వేసినా వేయకపోయినా మీ రిటర్న్‌లో ఉండాల్సిందే.

పొలం కౌలు గురించి గట్టిగా చెప్పాలి. వ్యవసాయ ఆదాయానికి ఇండియాలో ఆదాయపు పన్ను లేదు కాబట్టి మన ఇళ్లలో దాన్ని ఎవరూ ఆదాయంగా లెక్కపెట్టరు. అమెరికా లెక్కలో అది ఆదాయమే. పైగా ఇండియాలో దానిమీద పన్ను కట్టలేదు కాబట్టి చూపించుకోవడానికి క్రెడిట్ (అమెరికా పన్నులోంచి తగ్గింపు) కూడా ఉండదు. పాస్‌బుక్కులో ఆమె పేరున్న భూమి, దానిమీద చేతికొచ్చిన కౌలు, రెండూ అడిగి రాసుకోండి. నగదుగా వచ్చినా, వాళ్ల నాన్నగారి చేతికే వెళ్లినా ముందు అడగండి.

ఫ్లాట్ అద్దె ఉంటే అమెరికాలో అసలు ఖర్చులు, తరుగుదల తీసుకోవచ్చు. ఇండియాలో గుండుగుత్తగా ఇచ్చే 30 శాతం తగ్గింపు అక్కడ లేదు. విదేశంలోని ఇంటికి తరుగుదల 30 ఏళ్ల మీద లెక్కిస్తారు, 2018కి ముందు నుంచీ అద్దెకిస్తున్నదైతే 40 ఏళ్లు.

ఇక మ్యూచువల్ ఫండ్లు. జాయింట్ నిర్ణయాన్ని తలకిందులు చేయగలిగేది ఇవే. ఇండియన్ ఫండ్లను అమెరికా పీఎఫ్ఐసీ (పాసివ్ ఫారిన్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ) అనే కోవలో పెడుతుంది. ఒక్కో ఫండ్‌కు ఒక్కో 8621 ఫారం. అమ్మినప్పుడు లాభాన్ని మామూలు క్యాపిటల్ గెయిన్‌గా కాకుండా, ఉంచుకున్న ఏళ్ల మీద పరిచి, ఆయా ఏళ్ల గరిష్ఠ రేటుతో, వడ్డీతో సహా వేస్తారు. జాయింట్‌లో ఏడాది చివర మొత్తం విలువ 50,000 డాలర్ల లోపు ఉండి, ఆ ఏడాది ఏమీ అమ్మకుండా, పెద్ద పంపిణీలు తీసుకోకుండా ఉంటే సాధారణంగా 8621 వేయనక్కరలేదు. ఆమెకు ఆరేడు ఎస్ఐపీలు నడుస్తుంటే ఆ జాబితా రాసుకోకుండా ముందుకు కదలకండి. నేరుగా కొన్న కంపెనీ షేర్లకు ఈ బాధ లేదు.

రూపాయల మొత్తాన్ని డాలర్లలోకి మార్చడానికి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) ప్రకటించే వార్షిక సగటు రేటు వాడొచ్చు. స్థలమో ఇల్లో అమ్మినట్లయితే ఆ రోజు రేటు వాడండి.

4. రెండు రకాలుగానూ లెక్క వేసి చూడండి

మీ జీతం 1,10,000 డాలర్లు, ఆమె జీతం 17 లక్షల రూపాయలు అనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి డాలరు 85 రూపాయలు అనుకుంటే ఆమెది 20,000 డాలర్లు. వేరే ఆదాయం లేదు.

సెపరేట్‌గా వేస్తే మీకు స్టాండర్డ్ డిడక్షన్ 15,750 డాలర్లు. మిగిలిన 94,250 మీద ఫెడరల్ పన్ను 15,649 డాలర్లు.

జాయింట్‌గా వేస్తే ఇద్దరిదీ కలిపి 1,30,000. డిడక్షన్ 31,500 పోగా 98,500. పన్ను 11,498 డాలర్లు. అంటే ఆమె జీతమంతా కలిపిన తర్వాత కూడా, ఇండియాలో కట్టిన పన్నుకు క్రెడిట్ ఇంకా తీసుకోకముందే, 4,151 డాలర్లు మిగిలాయి. ఆమెకు అసలు ఆదాయమే లేకపోతే పన్ను 8,943కి దిగుతుంది, అప్పుడు మిగులు 6,706.

ఆమె జీతం మీద రెండుసార్లు పన్ను పడకుండా రెండు దారులున్నాయి. మొదటిది ఫారం 1116. 2025లో ఇండియాలో కట్టిన పన్నును అమెరికా పన్నులోంచి తగ్గించుకుంటారు, ఆ ఆదాయం మీద పడే అమెరికా పన్నుకు మించకుండా. మిగిలిపోయిన క్రెడిట్ ఒక ఏడాది వెనక్కి, పదేళ్లు ముందుకి వాడుకోవచ్చు. జీతానికి ఒక 1116, వడ్డీ లాంటి వాటికి ఇంకొకటి. టీడీఎస్ ఎంత కోశారన్నది ఒక్కటే చూడకండి. ఐటీఆర్ వేసినప్పుడు రిఫండ్ వచ్చేదుంటే ఆ రిఫండ్ భాగానికి క్రెడిట్ లేదు.

రెండోది ఫారం 2555. జాయింట్ ఎన్నికతో ఆమె రెసిడెంట్‌గా లెక్కకొస్తారు కాబట్టి, ఇండియాలోనే పనిచేస్తూ వరుసగా ఏవైనా 12 నెలల్లో 330 పూర్తి రోజులు అమెరికా బయట దేశాల్లో ఉంటే, జీతంలో 1,30,000 డాలర్ల దాకా మినహాయించవచ్చు. అయితే మినహాయించిన జీతం మీ ఆదాయాన్ని పై శ్లాబులోకి నెడుతుంది. పై ఉదాహరణలో పన్ను 9,498కి వస్తుంది, ఆమెకు జీతమే లేనప్పటి 8,943కి కాదు. మీ దగ్గరకు వచ్చి రెండు నెలలుండి వెళ్తే 330 రోజుల లెక్క తప్పే ప్రమాదం ఉంది, పాస్‌పోర్టు ముద్రలు చూసి లెక్కపెట్టండి. 2555 తో తీసేసిన జీతానికి 1116 క్రెడిట్ ఉండదు. 2555 ఒకసారి మొదలుపెట్టి మానేస్తే ఐఆర్‌ఎస్ అనుమతి లేకుండా ఐదేళ్లు మళ్లీ వాడలేరు. వడ్డీ, అద్దె, కౌలుకు 2555 పనికిరాదు.

నా మాటగా చెప్తే: ఆమె ఆదాయం జీతం, కాస్త వడ్డీ మాత్రమే అయితే జాయింట్ దాదాపు ఎప్పుడూ లాభమే. ఆమె పేరు మీద పెద్ద ఫండ్లు ఉండి అమ్మే ఆలోచన ఉన్నా, స్థలమో ఫ్లాటో ఈ ఏడాదిలోనే అమ్మబోతున్నా ఆగండి. ఆ లాభం మొత్తాన్ని మీరే చేజేతులా అమెరికా పన్నులోకి తెచ్చినట్లవుతుంది.

అమెరికాలో పుట్టిన పాప అమ్మతో పాటు ఇండియాలో ఉంటే జాయింట్‌కు ఇంకో లాభముంది. పాప అమ్మ దగ్గర ఉన్న రోజులు జాయింట్ రిటర్న్‌కు సరిపోతాయి, పాపకు ఎస్ఎస్ఎన్ ఉంటే 2,200 డాలర్ల చైల్డ్ టాక్స్ క్రెడిట్ అడగొచ్చు. ఇండియా పౌరులై ఇండియాలోనే ఉన్న పిల్లలను మాత్రం డిపెండెంట్లుగా చూపించలేరు.

5. ఆమెతో కూర్చుని మాట్లాడండి

ఇది ఫారం కాదు, కానీ దీన్ని దాటవేయొద్దు. జాయింట్ రిటర్న్ మీద సంతకం పెట్టాక ఆ రిటర్న్ తాలూకు పన్ను బాకీ మొత్తానికి ఇద్దరూ బాధ్యులే. మీ సైడ్ బిజినెస్ లెక్క తప్పినా ఐఆర్‌ఎస్ ఆమెను అడగొచ్చు. "ఇక్కడ సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అనడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. అది న్యాయం కాదు. అక్కడ ఏం రాసుందో, తన ఏ ఆదాయం ఎక్కడ చూపిస్తున్నారో ఆమెకు తెలియాలి. రిటర్న్ కాపీ ఒకటి ఆమె దగ్గర ఉండాలి.

ఇంకొకటి. 6013(జి) ఎన్నిక ఒక్క ఏడాదికి కాదు. రద్దు చేసుకునేదాకా తర్వాతి సంవత్సరాలకూ ఆమె రెసిడెంట్‌గానే లెక్క. ఒక ఏడాది పొలం అమ్మారని రద్దు చేసుకుంటే ఆ ఇద్దరిలో ఎవరూ మళ్లీ జీవితంలో ఆ ఎన్నిక చేసుకోలేరు, వేరే పెళ్లి చేసుకున్నా సరే. ఇద్దరూ ఇండియాకు తిరిగొచ్చేసి ఎవరూ అమెరికా రెసిడెంట్ కాకపోతే మాత్రం అది రద్దవదు, తాత్కాలికంగా ఆగుతుంది. రాబోయే రెండు మూడేళ్లలో ఆమె పేరున్న ఆస్తుల్లో ఏవి అమ్మాలనుకుంటున్నారో ఇప్పుడే అనుకోండి.

6. స్టేట్‌మెంట్, డబ్ల్యూ-7, పోస్ట్

మొదటి ఏడాది రిటర్న్‌కు ఒక పేజీ స్టేట్‌మెంట్ జతచేయాలి. అందులో మూడు విషయాలుండాలి: సంవత్సరం చివరి రోజున మీ ఇద్దరిలో ఒకరు అమెరికా పౌరులు లేదా రెసిడెంట్, ఇంకొకరు నాన్‌రెసిడెంట్ అని, ఏడాదంతా ఇద్దరినీ రెసిడెంట్లుగా చూడమని కోరుతున్నారని, ఇద్దరి పేర్లు, చిరునామాలు, నంబర్లు. కింద ఇద్దరి సంతకాలు. ఆమె సంతకం మీరు పెట్టేయకండి.

ఆమెకు ఎస్ఎస్ఎన్ లేకపోతే ఐటిఐఎన్ (ఎస్ఎస్ఎన్ రానివాళ్లకిచ్చే పన్ను నంబరు) కావాలి, దానికి ఫారం డబ్ల్యూ-7. ఎప్పుడో చదువుకునేటప్పుడు అమెరికాలో ఎస్ఎస్ఎన్ తీసుకుని ఉంటే అదే వాడాలి, ఐటిఐఎన్ అక్కరలేదు. డబ్ల్యూ-7లో కారణం కింద ఇ గడి టిక్ చేసి, పక్కన మీ పేరు, మీ ఎస్ఎస్ఎన్ రాయండి. ఆమె పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చి పాస్‌పోర్టు మార్చకపోతే పాత పేరే. 1040లో ఆమె ఎస్ఎస్ఎన్ గడి ఖాళీగా వదిలేయండి.

పాస్‌పోర్టు విషయంలో నోటరీ చేసిన జిరాక్స్ చెల్లదు. అసలు పాస్‌పోర్టో, జారీ చేసిన కార్యాలయం ధ్రువీకరించిన నకలో కావాలి. అసలు పాస్‌పోర్టు వారాల తరబడి చేతిలో లేకుండా ఉండటం ఆమెకు ఇబ్బందైతే సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ (పాస్‌పోర్టును ధ్రువీకరించే అధికారం ఐఆర్ఎస్ ఇచ్చినవాళ్లు) దగ్గరకు వెళ్లండి. వాళ్లు పాస్‌పోర్టు చూసి వెంటనే తిరిగిచ్చేస్తారు. దేశాలవారీగా జాబితా ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఉంది, ఇండియాలోనూ ఉన్నారు. ఫీజు తీసుకుంటారు, నా ఉద్దేశంలో ఆ ఖర్చు దండగ కాదు.

డబ్ల్యూ-7, పాస్‌పోర్టు కాగితం, 1040, స్టేట్‌మెంట్, డబ్ల్యూ-2 అన్నీ ఒకే కవర్లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉన్న ఐటిఐఎన్ ఆపరేషన్ విభాగానికి వెళ్లాలి. మామూలు రిటర్న్‌లు వెళ్లే చిరునామా కాదు. ఈ మొదటి రిటర్న్ ఇ-ఫైల్ కాదు, వచ్చే ఏడాది నుంచి చేసుకోవచ్చు. ఐటిఐఎన్ రావడానికి రద్దీ రోజుల్లో రెండు నెలలు దాటొచ్చు, రిఫండ్ దాని తర్వాతే. వరుసగా మూడేళ్లు ఏ రిటర్న్‌లోనూ వాడకపోతే ఆ నంబరు గడువు తీరిపోతుంది.

7. ఖాతాల వివరాలు: ఎఫ్‌బార్, 8938

ఈ రెండూ వేరు వేరు. ఎఫ్‌బార్ అంటే విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఫిన్‌సెన్ ఫారం 114, రిటర్న్‌తో కాకుండా ఆన్‌లైన్‌లో విడిగా వేస్తారు. మీ విదేశీ ఖాతాలన్నిటి గరిష్ఠ నిల్వలు కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే వేయాల్సిందే. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ, ఎఫ్‌డీలు, డీమ్యాట్ అన్నీ వస్తాయి. అమ్మానాన్నల ఖాతాలో సౌకర్యం కోసం మీ పేరు కలిపి ఉంటే దాని మొత్తం విలువా చూపాలి. గడువు ఏప్రిల్ 15, అడక్కుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది.

6013(జి), (హెచ్) ఎన్నికలు ఎఫ్‌బార్‌కు వర్తించవు. కాబట్టి ఇండియాలోనే ఉన్న మీ భార్య తన ఒక్కదాని పేరున్న ఖాతాలకు ఎఫ్‌బార్ వేయనక్కరలేదు. మీతో జాయింట్‌గా ఉన్నవి మీ ఎఫ్‌బార్‌లో వస్తాయి. విదేశీ ఆర్థిక ఆస్తులు చూపే ఫారం 8938 అలా కాదు. అది రిటర్న్‌తో పాటు వెళ్లేది, అందులో ఆమె ఆస్తులూ కలుస్తాయి. అమెరికాలో ఉండే జంటకు ఏడాది చివర 1,00,000 డాలర్లు లేదా ఎప్పుడైనా 1,50,000 దాటితే అది వేయాలి.

8. రాష్ట్రం, తర్వాత ఇండియా

టెక్సస్ అయితే రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియా అయితే జాగ్రత్త: అక్కడ విదేశీ పన్ను క్రెడిట్ లేదు, 2555 మినహాయింపూ చెల్లదు. ఫెడరల్ జాయింట్ వేసినా, ఆమె ఏడాదంతా కాలిఫోర్నియా బయటే ఉండి అక్కడి ఆదాయం ఏమీ లేకపోతే రాష్ట్రానికి సెపరేట్‌గా వేసే వీలుంది. అది కూడా లెక్క వేసి చూసుకోండి.

ఇండియాలో జాయింట్ రిటర్న్ అనేదే లేదు. ఆమె ఐటీఆర్ ఆమెదే, ఎప్పటిలాగే. అమెరికాలో జాయింట్ వేశారని ఆమె ఇండియా రెసిడెన్సీ మారదు, మీ అమెరికా జీతం ఆమె ఐటీఆర్‌లోకి రాదు. మీరు పంపిన డబ్బుతో ఆమె పేరున ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీ ఇండియాలో మీ ఆదాయంలో కలుస్తుంది, క్లబ్బింగ్ అంటారు దాన్ని.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ప్రేమతోనో సౌకర్యం కోసమో మీ అమెరికా బ్యాంకు ఖాతాలో ఆమె పేరు కలిపారనుకోండి. ఇండియా రెసిడెంట్‌గా ఆమె తన ఐటీఆర్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) కింద దాన్ని చూపాలి. చూపకపోతే 2015 నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానాకు అవకాశం ఉంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబర్ నుంచి ఆ జరిమానా లేదు, అయినా చూపించడమే మంచిది. ఖాతా ఉంటే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి.

9. ఏప్రిల్ 15కి కాగితాలు తేలకపోతే

ఫారం 4868 వేస్తే అక్టోబర్ 15 దాకా సమయం వస్తుంది. కట్టాల్సిన పన్నుకు మాత్రం పొడిగింపు లేదు, సెపరేట్ లెక్క ప్రకారం ఎంతొస్తుందో చూసి ఏప్రిల్‌లోనే కట్టేయండి. అప్పటికీ ఆమె ఫండ్ల లెక్క తేలకపోతే సెపరేట్‌గా వేసేయండి. సెపరేట్ నుంచి జాయింట్‌కు 1040-ఎక్స్ (సవరణ రిటర్న్) తో సాధారణంగా మూడేళ్ల లోపు మారొచ్చు, ఎన్నిక స్టేట్‌మెంట్ దానికే జతచేయొచ్చు. జాయింట్‌గా వేసి గడువు దాటాక సెపరేట్‌కు మారడం కుదరదు. అనుమానంగా ఉన్నప్పుడు ఏ వైపు ఆగాలో దీన్నిబట్టి మీరే తేల్చుకోవచ్చు.